మూడు చిన్నవి, ఒకటి పెద్దది

“ఇది మెత్తనా? పట్టుకుని చెప్పవే. మెత్తనా ఇది?”

నాయన ఎడమచేత్తో బంతిని నా ముందుకు విసిరాడు. అది గచ్చుమీద ఠప్పున పడి, దూది గుట్టదాకా దొర్లి ఆగింది.

ఆయన కుడిచెయ్యి మెడనుంచి వేలాడే గుడ్డలో ఉంది. నిన్న సాయంత్రం పెరట్లో నేను కొట్టిన బంతి పక్కకు ఎగిరి, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న ఆయన మణికట్టుకు తగిలింది. ఎముక విరగలేదని డాక్టరు చెప్పాడు. పది రోజులు కదపొద్దని కూడా చెప్పాడు. దూదేకేవాడికి పది రోజులు కుడిచెయ్యి లేకపోవటమంటే ఏమిటో ఆ డాక్టరుకేం తెలుసు!

“సాఫ్టు బాలన్నావు. సాఫ్టంటే మెత్తనన్నావు. నమ్మాను గదంటే! మెత్తనంటే ఏందో నాకు ఇంకోళ్ళు చెప్పాలా? పాతికేళ్ళనుంచి ఆ మాట మీదే బతుకుతున్నా.”

“సాఫ్టంటే మెత్తనే నాయనా. ఆ పేరు పెట్టింది నేను కాదు.”

“నోర్ముయ్.”

ముయ్యలేదు. ఆ అలవాటు నాకు మొదట్నుంచీ లేదు.

“నీకు తగలటం నా తప్పే. ఆడటం మాత్రం తప్పు కాదు.”

గడప పక్కన ఆకూ వక్కా నములుతున్న నాయనమ్మ ఆ మాటకోసమే కాచుకుని ఉన్నట్టు లేచింది. మా నాయనమ్మ పేరు మస్తాన్‌బీ. నోరు విప్పిందంటే నరసరావుపేట స్టేషన్లో రైలు కూత కూడా వినపడదు.

“విన్నావంట్రా మౌలాలీ నీ కూతురి మాటలు? ఆడపిల్ల చేతికి కర్రిచ్చి ఊరిమీదికి తోలావు. ఈ ఇంట్లో ఆడది విల్లు ముట్టదు. ముడితే నరం తెగుద్ది. విల్లయితే ఏంది, ఆ దిక్కుమాలిన బ్యాటయితే ఏంది?”

పుట్టినప్పటినుంచీ వింటున్న మాటే ఇది. దూలానికి తాడుతో వేలాడే దూదేకే విల్లును, దానికి తీగలా బిగించిన నరాన్ని మీటే కొయ్యగుండును మా ఇంట్లో మగవాళ్ళే పట్టాలి. విప్పిన పరుపుల్లో గట్టిపడ్డ పాత దూదిని బెత్తాలతో బాది విడగొట్టటం మాత్రం ఆడవాళ్ళ పని. నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆ బాదుడు బాదుతున్నాను. మా వీధిలో నా అంత గట్టిగా పాత దూది కొట్టే ఆడపిల్ల లేదు, ఇది గొప్పకు చెప్పటం కాదు.

“దీని కడుపులో ఏ రాయి పెట్టారో చూద్దాం. చాంద్ బీ, కత్తెర తీసుకురా.”

“అది కాలేజీ బంతి నాయనా! ఉన్నదే అదొకటి. రేపు గుంటూరులో సెలక్షను!”

“రేపు నువ్వు గుంటూరు పోతేగా!”

అమ్మ కత్తెర తెచ్చింది. నావైపు చూసింది. ఆయనవైపు చూసింది. బంతిని ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క కుట్టే తెంచటం మొదలుపెట్టింది. తోలుకు గాటు పడకుండా కుట్లు మాత్రమే తెంచుతోందని నేను చూశాను. నాయన చూడలేదు.

తోలు రెండు ముక్కలై విడిపోయింది. లోపల దారం చుట్లు చుట్లుగా బిగించి ఉంది. నాయన ఒక చోట దారం పాయ తప్పించి, వేలు పెట్టి గిల్లాడు. తెల్లగా, కాస్త మెరుస్తూ ఇంత పీచు వచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని నలిపాడు. మళ్ళీ నలిపాడు.

“బూరుగు దూది,” అన్నాడు చివరికి.

“ఏందీ?” అంది నాయనమ్మ.

“బూరుగు దూదే అమ్మా. తలగడల్లో పెట్టేదే. కుక్కి కుక్కి రాయి చేశారు ఎదవలు.”

“మరి మెత్తనే గదా?” అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ఆయన మొహంలోకి వచ్చిన ఆశ్చర్యం కాస్తా ఎటో పోయింది.

“ముప్పాళ్ళ పెళ్ళోళ్ళ పరుపులు సోమవారానికల్లా ఇయ్యాలి. గురజాలలో దూదేకే సర్దార్‌కి కబురు పెట్టా, వాడొచ్చి విల్లు పడతాడు. వాడొచ్చేలోపల పాత దూదంతా నువ్వు కొట్టి ఉంచాలి. గుంటూరు లేదు, గింటూరు లేదు. అర్థమయిందా?”

“అర్థమయింది. కానీ పోతా.”

“ఎట్టా పోతావో చూస్తా.”

“చూడు.”

అమ్మ తెంచిన దారాలన్నీ ఏరి కొంగున మూటకట్టుకుంది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో సైకిలు చప్పుడయింది. మా పి.ఇ.టి. దయామణి మేడం. చేతిలో కాగితం. గుమ్మంలోకి వస్తూనే ఆవిడ కళ్ళు విడిపోయిన బంతిమీద పడ్డాయి. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

“రండి మేడం గారూ, కూచోండి. మీ బంతి కోశాను,” అన్నాడు నాయన.

“చూస్తూనే ఉన్నాను మౌలాలన్నా. చెయ్యి ఎట్టా ఉంది?”

“ఇదుగో, ఇట్టా ఉంది. మీరు నేర్పిన ఆట పుణ్యమే.”

మేడం నొచ్చుకుంది గానీ వెనక్కి తగ్గలేదు. కాగితం ముందుకు చాపింది. “పిల్లను పంపుతున్నట్టు తండ్రి సంతకం కావాలి. ఈరోజు ఐదింటికల్లా ప్రిన్సిపాల్ గారికి ఇవ్వాలి. రేపు పొద్దున్నే మొదటి బస్సుకు పోతాం.”

“సంతకం పెట్టే చెయ్యి ఇదమ్మా.” నాయన కట్టు చూపించాడు.

“వేలిముద్ర వేసినా చాలు.”

“రాత్రి బడికి పోయి సంతకం నేర్చుకున్నోణ్ణి నేను. వేలిముద్రలు మా నాయనతోనే పోయినయ్.”

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పోనీ తిరిగి ఇచ్చేస్తే ఇంకో దారి వెతుక్కునేదాన్ని. జేబులో పెట్టుకోవటం ఎందుకు!

“మేడం, మీరన్నా చెప్పండి!” అన్నాను.

దయామణి మేడం నా మొహంలోకి చూసింది. “చెప్తాను, నీకూ చెప్తాను. ఆ కాయితంమీద సంతకం పడ్డా నిన్ను ఆడిస్తానో లేదో నాకే తెలీదు రజియా.”

నాయనమ్మ నమలటం ఆపింది. ఇంట్లోవాళ్ళు వద్దంటే ఎదిరించటం నాకు తెలుసు. మేడమే వద్దంటే ఎవరిమీదికి పోను?

విచిత్రమేమిటంటే ముందు కోపం వచ్చింది నాయనకు.

“అంటే ఏంది మేడం? మా పిల్లకి చేతకాదంటారా?”

“బలం చానా ఉంది అన్నా. జట్టులో ఎవరికీ లేదు. కానీ బ్యాటు నెత్తిమీదికి ఎత్తి పైనుంచి కిందికి కొడుతుంది. పాత దూది బాదినట్టు. బంతి కింద చేత్తో విసురుతారు, నడుం ఎత్తున వస్తుంది. దాన్ని అడ్డంగా తుడిచినట్టు కొట్టాలి. పైనుంచి కొడితే ఏమయిద్ది? బంతి నేలలోకన్నా పోద్ది, పక్కనున్నవాళ్ళ చేతిమీదికన్నా పోద్ది. నెలరోజులనుంచి చెప్తున్నా, మారటంలా.”

నాయన తన కట్టువైపు చూసుకున్నాడు. “అదా సంగతి,” అన్నాడు. తర్వాత పెద్దగా నిట్టూర్చి చెప్పులు తొడుక్కున్నాడు.

“బాదటం వేరు, దెబ్బ వేరమ్మా. మా నాయన విల్లు పడితే వీధి చివరిదాకా తెలిసేది. మూడు చిన్నవి, ఒకటి పెద్దది. మూడు చిన్నవి, ఒకటి పెద్దది. ఆ దెబ్బ ఈ పల్నాడులో ఇంకోడికి లేదు. కొడుకునై ఉండి నాకే రాలా. ఆడపిల్లకి వస్తదా?”

చెప్పులు ఈడ్చుకుంటూ అంకారావు టీకొట్టువైపు వెళ్ళిపోయాడు. కాగితం ఆయన జేబులోనే ఉంది.

మేడం వెళ్ళబోయింది. అమ్మ దబ్బనం, మైనం రాసిన దారం తీసుకుని బంతి ముందు కూర్చుంది.

“కూచో దయామణీ. కుట్టి ఇస్తాను,” అంది.

పరుపుల అంచులు కుట్టే చెయ్యి అది. పాత బొక్కల్లోనే దారం పోనిచ్చి, కాసేపట్లో బంతిని బంతి చేసింది. నా చేతికిచ్చింది. లేచి వీధి తలుపు మూసి గడియ పెట్టింది. కొంగు నడుముకు దోపి, విల్లు కింద మోకాళ్ళమీద కూర్చుంది. కొయ్యగుండు అందుకుంది.

నా నోరు తెరుచుకునే ఉంది.

“ఏమే చాంద్ బీ, ఏం చేస్తున్నావే?” అంది నాయనమ్మ.

“ముప్పాళ్ళ పరుపులు అత్తా. సర్దార్ ఎప్పుడొస్తాడో, వస్తాడో రాడో.”

“మౌలాలి ఊళ్ళోనే ఉన్నాడే!”

ఆ మాట నేను పట్టుకున్నాను. ఆడది ముట్టకూడదు అనలేదు. నరం తెగుద్ది అనలేదు. నాయన ఊళ్ళోనే ఉన్నాడంది.

“అంటే నాయన ఊళ్ళో లేకపోతే పర్లేదా నాయనమ్మా?”

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. అమ్మే చెప్పింది, తల వంచుకుని, నరం బిగువు చూసుకుంటూ. “నువ్వు పుట్టకముందు మీ నాయనకు పచ్చకామెర్లు వచ్చి మూడు నెలలు మా పుట్టింట్లో మంచానపడ్డప్పుడు ఏకింది నేనే. సర్దార్ ఏకాడని అందరికీ చెప్పాం. ఈ తలుపుకు గడియ పెట్టింది మీ నాయనమ్మే.”

“మరి ఇన్నాళ్ళూ నన్ను తిట్టారే! ముట్టకూడదు, ముట్టకూడదని!”

“ముట్టకూడదనేది పదిమంది ముందరే,” అంది నాయనమ్మ విసుగ్గా. “పొయ్యిమీదికి లేనప్పుడు ఎవుడు చూడొచ్చాడు?”

నాకు ఒళ్ళు మండిపోయింది. పదిహేడేళ్ళు! బొమ్మ అనుకుని ఆ కొయ్యగుండు పట్టుకున్నందుకు నాలుగేళ్ళప్పుడు చేతిమీద వాత పెట్టింది ఈ ముసలమ్మే. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

అమ్మ నరం మీటింది. డుంయ్‌మని ఇల్లు మోగింది. దూది కొంచెం లేచి పడింది. మళ్ళీ మీటింది.

“రజియా, ఆ చెయ్యి చూడు!” దయామణి మేడం నా భుజం పట్టుకుంది. “పైనుంచి రావటంలా. పక్కనుంచి వస్తోంది. చూస్తున్నావా?”

చూస్తున్నాను. కొయ్యగుండు అడ్డంగా వచ్చి నరాన్ని తగులుకుని, లాగి, జారిపోతోంది. నరం మీద ఆగటం లేదు. నాయన ఏకటం నేను వెయ్యిసార్లు చూశాను, ఎప్పుడూ దూదివైపే చూశాను. చేతివైపు చూడాలని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

నాలుగు దెబ్బలయ్యాయి. అమ్మకు ఆయాసం వచ్చింది.

“మోచెయ్యి ఎగరేస్తావేందే!” నాయనమ్మ ఒక్కసారి కసిరింది. “డొక్కకి ఆనించి పెట్టు. చేత్తో కొట్టమాక, నడుంతో కొట్టు. నడుం ముందు తిరగాల, చెయ్యి దానెంట రావాల. ఆనాడూ ఇట్టానే చేశావు. లే, అవతలికి లే!”

అమ్మ లేచింది. నాయనమ్మ కూర్చుంది. నోట్లో ఆకు మూలకు ఉమ్మేసి, కొయ్యగుండును అరచేతిలో ఒకసారి ఆడించింది. డెబ్భై ఏళ్ళ మనిషి, నీళ్ళ బిందె ఎత్తలేనని రోజూ మూలిగే మనిషి.

డుం, డుం, డుం. డుంయ్!

దూది దూలం ఎత్తుకు లేచింది. మళ్ళీ మూడు చిన్నవి, ఒకటి పెద్దది.

మేం ముగ్గురం రాళ్ళలా నిలబడిపోయాం. అమ్మకు కూడా తెలియదని ఆమె మొహమే చెప్పింది.

“నాయనమ్మా,” అన్నాను. “అది తాత దెబ్బ గదా?”

“మీ తాతకి ఉబ్బసం.” ఆవిడ ఆపకుండానే చెప్పింది. “దూది దుమ్ము పడేది కాదు. విల్లు పడితే దగ్గే గాని దెబ్బ వినపడేది కాదు. తలుపేసి నేనే ఏకేదాన్ని. ఇరవై ఏళ్ళు. ఆయన ఆ మూల గోడకానుకుని కూచునేవాడు. వీధిలోకి పోతే, ‘ఏం దెబ్బ మామా నీది’ అని అందరూ ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు.”

“నువ్వు ఊరుకున్నావా?”

“ఊరుకున్నా. మొగుడి పేరేగా, రానీ అనుకున్నా.” కొయ్యగుండు ఆగింది. “అనుకున్నానే గాని, కడుపు మండలేదంటే అబద్ధమే. కన్నకొడుక్కి కూడా చెప్పనియ్యలా మీ తాత.”

నేను బ్యాటు తీసుకున్నాను.

పెరట్లోకి పోయాం. మేడం తొట్టి దగ్గర నిలబడి విసరటానికి సిద్ధమైంది. అమ్మ గోడవార నిలబడింది. నాయనమ్మ వెనక గుమ్మంలో కూర్చుంది.

మొదటి బంతికి బ్యాటు అలవాటుగా నెత్తిమీదికి లేచింది. బంతి నేలలోకి పోయింది.

“పాత దూది!” అంది మేడం.

రెండోది తగలనే లేదు.

“నువ్వు మరీ ముందే ఉరుకుతున్నావే,” నాయనమ్మ గుమ్మంలోంచే అరిచింది. “ఆ మూడు చిన్నవీ ఎందుకనుకున్నావు? చెయ్యి ఊరికే ఆడించుకోటానికి. పట్టు వదులుగా ఉంచుకోటానికి. అప్పుడే బలమంతా పెట్టేస్తే పెద్దదానికి ఏం మిగులుద్ది?”

మోచెయ్యి డొక్కకి ఆనించాను. కాళ్ళు ఎడంగా పెట్టాను. బ్యాటును భుజం దగ్గర చిన్నగా ఆడించాను. ఒకటి. రెండు. మూడు. మేడం చెయ్యి కిందనుంచి వచ్చింది. బంతి నడుం ఎత్తున వస్తోంది. ముందు నడుం తిప్పాను. చెయ్యి దానెంట వచ్చింది.

తగిలినట్టే అనిపించలేదు. చప్పుడు మాత్రం వినిపించింది. బంతి నేలకు తగలకుండా తిన్నగా పోయి, అవతలి చివర గోడకు కొట్టుకుని తిరిగి మేడం కాళ్ళ దగ్గరికే వచ్చింది.

ఎవరూ మాట్లాడకముందే, “ఇంకోటి,” అన్నాను.

ఇంకోటి. మరోటి. పదింటిలో ఏడు తిన్నగా పోయాయి. మూడు పోలేదు. పోని మూడూ ఎందుకు పోలేదో నాకు తెలుసు, అవి కొడుతున్నప్పుడే తెలిసింది. నెల రోజుల్లో ఎప్పుడూ అలా తెలియలేదు.

దయామణి మేడం చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. నవ్వు ఆపుకోలేకపోతోంది. “ఐదింటికి కాలేజీ దగ్గరుంటా. కాయితం తీసుకురా,” అని మా అమ్మ చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి, వెళ్ళిపోవటానికి వీధి తలుపు గడియ తీసింది.

ఆవిడ వెళ్ళాక అలవాటుకొద్దీ అమ్మ మళ్ళీ గడియమీద చెయ్యి వేసింది.

“వద్దు,” అంది నాయనమ్మ.

“వీధిలో చూస్తారు అత్తా.”

“చూడనీ. నాకు డెబ్భై ఏళ్ళు వచ్చినయ్యే. ఇంకెప్పుడు చూస్తారు? నా శవం పక్కన విల్లు పెట్టి చూపిస్తారా?” విల్లు కింద సర్దుకుని కూర్చుంది. “రెండు తలుపులూ బార్లా తియ్యి. ఏమే రజియా, నువ్వు పో. మీ నాయన దగ్గర కాయితం పట్టుకురా. బతిమాలమాక.”

నేను బ్యాటు భుజాన వేసుకునే బయటికి నడిచాను. ఎదురింటి మెట్లమీద మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు తల ఎత్తారు. వెనకనుంచి విల్లు మొదలైంది. వాళ్ళు నన్ను వదిలేసి మా తలుపువైపు చూశారు. ఒకావిడ ఒళ్ళోని చేట కిందపెట్టి లేచి నిలబడింది.

వీధి చివర అంకారావు కొట్టు ముందు, బల్లమీద నాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎడమచేతిలో టీ గ్లాసు. తాగటం లేదు. మెడ చాచి వింటున్నాడు. నేను దగ్గరికి వచ్చినా, నా భుజంమీద బ్యాటు కనిపిస్తున్నా తిట్టలేదు.

“సర్దార్ వచ్చాడా?” అన్నాడు.

“రాలా.”

“మరి ఆ ఏకేదెవురు?” గ్లాసు బల్లమీద పెట్టాడు. “అది మా నాయన దెబ్బే. మా నాయన పోయి పాతికేళ్ళయింది. మళ్ళీ ఇన్నాళ్ళకి వింటున్నా. ఎవురే ఆ ఏకేది?”

“చిన్నప్పుడు తాత ఏకుతుంటే చూశావా నాయనా? కళ్ళారా?”

“తలుపేసి ఏకేవాడు. దుమ్ము వీధిలోకి పోద్దని. మమ్మల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. మా అమ్మ గడియ...” అని ఆగాడు.

ఆయన మొహం చూస్తే జాలేసింది. అబద్ధం ఎందుకు, చాలా జాలేసింది. కానీ ఐదు కావటానికి ఇంకా పావుగంటే ఉంది.

“ఇప్పుడు తలుపు తీసే ఉంది. పోయి చూడు. నా కాయితంమీద మాత్రం ఎడమచేత్తోనన్నా సంతకం పెట్టి ఇచ్చి పో.”

నాయన లేచాడు. ఎడమచెయ్యి జేబుదాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. చూపు మాత్రం మా ఇంటివైపే ఉంది. నేను చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మూడు చిన్నవి వినిపించాయి. పెద్దదానికోసం ఇద్దరం ఆగాం.